మోటర్‌హోమ్ బ్యాటరీ కటాఫ్ స్విచ్: ఆఫ్ కొట్టినా కొండి వైర్లు కరెంటు తాగుతనే ఉంటయ్

పోయిన యాసంగి ముచ్చట. ఉగాదికి ఇంటోళ్లందరం మా మోటర్‌హోంల, అంటే లోపల ఇల్లు లెక్క కట్టించుకున్న బండిల, సోమశిల పోయి కృష్ణ ఒడ్డున రెండు రాత్రులు ఉండొచ్చినం, రాంగనే వరి కోతలు మొదలైనయ్, ఇగ బండి ఎక్కే తీరిక యాడిది. హాలియా దగ్గర మా బావికాడ రేకుల షెడ్డు ఉంటది, దాంట్ల బండి పెట్టి, డోరు పక్కన ఉన్న బ్యాటరీ స్విచ్ ఆఫ్ కొట్టి, సీటు కింద ఇంజన్ బ్యాటరీకి ఉన్న ఎర్ర తాళంచెవి కూడా తిప్పి తీసి జేబుల వేసుకొని నిశ్చింతగా ఇంటికొచ్చిన. వడ్లు కోసి, ఐకేపీ సెంటర్ల కాంటా అయి, పైసలు పడేసరికి నలభై రోజులు దాటింది. పోయి చూస్తే ఇంజన్ బ్యాటరీ మంచిగుంది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, కానీ లోపల లైట్లు లేవు, పంపు లేదు, ఫ్రిజ్ లేదు. లోపలి వాటికోసం పెట్టినవి 150 ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ గంటసేపు ఇస్తే ఒక ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు రెండు, మీటర్ పెడితే 9 వోల్టులు కూడా చూపిస్తలేవు.

మిర్యాలగూడల రైస్ మిల్లు లారీలకు వైరింగ్ చేసే భాయ్ ఒకాయన ఉంటడు, ఆయన దగ్గరికి తోలుకపోయిన. స్విచ్ ఆఫ్ చేసే పెట్టిన భాయ్, ఐనా ఎట్ల దిగింది అని అడిగితే పది నిమిషాలు సీటు కిందికి దూరి చూసి బయటికొచ్చి, "సార్, ఇంట్ల మెయిన్ ఆఫ్ చేస్తే స్తంభం మీదికెళ్లి వేసిన కొండి ఆఫ్ ఐతదా?" అన్నడు. అంతే సంగతి. బండి కట్టినోళ్లు ఇన్వర్టర్ వైర్లను స్విచ్ దాకా తేకుండా కొండి లెక్క నేరుగా బ్యాటరీకి బిగించిన్రు, నేను స్విచ్ ఆఫ్ కొట్టిన కదా అన్న ధైర్యంతోని ఇన్వర్టర్ బటన్ ఆన్‌లనే మర్చిపోయిన. ఏ లోడూ లేకున్నా అది ఊకె ఆన్‌ల ఉన్నందుకే 0.8 ఆంపియర్లు గుంజుతది, రోజుకు 19 ఆంపియర్ అవర్లు, రెండు బ్యాటరీలు కలిపి ఉన్న 300 పదిహేను రోజుల్ల ఖాళీ. మిగిలిన ఇరవై ఐదు రోజులు ఆ బ్యాటరీలు 44 డిగ్రీల ఎండల, రేకుల కింద, ఖాళీ కడుపుతో ఉన్నయ్. ట్యూబులర్ అంటే లెడ్ యాసిడ్ బ్యాటరీనే, అది అట్ల పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిగ పేరుకపోతది, మళ్లా ఎంత చార్జ్ పెట్టినా సగం కెపాసిటీ కూడా రాదు. రెండూ మార్చిన, ముప్పై వేల పైన పోయినయ్.

ఆ పైసల బాధతోనే ఇది రాస్తున్న. మన దిక్కు ట్రావెలర్ బండ్లను క్యాంపర్లుగ మార్పించుకునేటోళ్లు పెరుగుతున్నరు, అందరికీ ఈ స్విచ్ ఉంటది, దాని తోని ఏది ఆఫ్ ఐతదో ఏది కాదో చాలామందికి తెల్వదు.

బండిల రెండు కరెంటు ఇండ్లు ఉంటయ్

ఒకటి ఇంజన్ బ్యాటరీ. దాని పని సెల్ఫ్, హెడ్‌లైట్లు, హారన్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్). కొద్దిసేపు వందల ఆంపియర్లు ఇచ్చి మళ్లా డైనమోతో నిండుతది. రెండోది ఇంటి బ్యాటరీ, హౌస్ బ్యాటరీ అంటరు, లోపల లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఇన్వర్టర్ అన్నీ దీని మీదనే. తక్కువ కరెంటు చాలాసేపు ఇచ్చే రకం, ట్యూబులర్ గానీ లిథియం గానీ. రెండింటి నడుమ ఒక రిలే (కరెంటుతో అతికి ఊడే స్విచ్) గానీ డీసీ-డీసీ చార్జర్ (ఒక బ్యాటరీ దిక్కు నుంచి ఇంకో బ్యాటరీని నింపేది) గానీ ఉంటది, ఇంజన్ నడిచినప్పుడు ఇంటి బ్యాటరీ నిండాలె, ఆగినప్పుడు ఇంటి లోడు ఇంజన్ బ్యాటరీని తినొద్దు, అందుకు.

కటాఫ్ స్విచ్ అంటే వీటిల ఒక్కో బ్యాటరీకీ విడివిడిగ పెట్టే మెయిన్. ఇంటి బ్యాటరీ స్విచ్ ఆఫ్ కొడితే ఇంజన్ బ్యాటరీకి ఏం కాదు, అది ఆఫ్ చేస్తే దీనికేం కాదు. అమెరికా మోటర్‌హోముల్ల డోరు దగ్గరనే రెండు బటన్లు పక్కపక్కన ఇస్తరు, ఒకటి ఛాసిస్ (ఇంజన్ బ్యాటరీది), ఒకటి కోచ్ (ఇంటి బ్యాటరీది), పైకి నొక్కితే వాడుకునుడు, కిందికి నొక్కితే దాచిపెట్టుడు. ఇక్కడ కట్టిన బండ్లల్ల ఎక్కువ శాతం ఒకటే ఇస్తరు, అది దేనిదో కూడా చెప్పరు. మీది దేనిదో మీకు తెల్వకపోతే ముందు అది కనుక్కోండ్రి: ఆఫ్ కొట్టి హారన్ నొక్కి చూడుండ్రి, తర్వాత లోపలి లైటు వేసి చూడుండ్రి.

స్విచ్‌లు మూడు రకాలు

మొదటిది చేతితో తిప్పేది. లారీలకు, ట్రాక్టర్లకు ఉండే ఎర్ర తాళంచెవి స్విచ్ ఇదే. లోపల రెండు మందం బోల్టులు, నడుమ ఒక రాగి పట్టీ, తిప్పితే అతుకుతది, తిప్పితే ఊడుతది. దీనికి కరెంటు ఖర్చు లేదు, పాడయ్యేది తక్కువ, బ్యాటరీ పూర్తిగ చచ్చినా పని చేస్తది. నాకైతే ఇదే ఇష్టం. సమస్య ఏందంటే బ్యాటరీ దగ్గరనే పెట్టాలె, డోరు దాకా అంత మందం వైరు గుంజలేం.

రెండోది కాయిల్ రిలే, సోలనాయిడ్ అంటరు. బావి మోటరు స్టార్టర్ తీరు అనుకోండ్రి, పచ్చ బటన్ నొక్కితే కాయిల్ పట్టుకుంటది, కరెంటు పోతే వదిలేస్తది. ఇది ఆన్‌ల ఉన్నంతసేపు కాయిలే ఇంచుమించు ఒక ఆంపియర్ దాకా తాగుతది, రోజంతా ఆన్ ఉంటే 20 ఆంపియర్ అవర్లు ఊకెనే పోయినట్టు. చెయ్యి పెడితే వేడిగ ఉంటది, దాన్నిబట్టే గుర్తు పట్టొచ్చు. ఇంజన్ నడిచినప్పుడు మాత్రమే అతికే పనికి ఓకే గానీ ఇంటి మెయిన్‌గ పెట్టుడు నాకు నచ్చదు.

మూడోది లాచింగ్ రిలే. డోరు కాడ చిన్న బటన్ ఉండి, నొక్కంగనే ఎక్కడో "టక్" అని సప్పుడు వస్తే అది ఇదే. తలుపు గొళ్లెం లెక్క, ఒకసారి పెడితే పెట్టినట్టే ఉంటది, తీస్తే తీసినట్టే. బటన్ నొక్కిన క్షణం ఒక్కటే కరెంటు కావాలె, ఆ తర్వాత సున్నా. అందుకే పెద్ద మోటర్‌హోముల్ల ఇదే పెడతరు. తిరకాసు ఒకటి: బ్యాటరీ బాగ దిగిపోతే గొళ్లెం తీసే బలం కూడా ఉండదు, బటన్ ఎన్నిసార్లు నొక్కినా టక్ అనదు. ఇంకోటి, బటన్‌ను ఒక సెకను నొక్కి వదలాలె, పట్టుకొని కూసుంటే లోపలి కాయిల్ కాలుతది, పిల్లలున్న ఇంట్ల ఇది చెప్పి పెట్టుండ్రి.

లిథియం పెట్టుకున్నోళ్లు బీఎంఎస్ (బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్) ఉంది కదా, స్విచ్ ఎందుకు అంటరు. బీఎంఎస్ అనేది బ్యాటరీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెంపేది, రోజూ ఆఫ్ చేసుకునే స్విచ్ కాదు. అది తెంపే దాకా ఆగినమంటే అప్పటికే లోపల ఏం మిగల్లేదన్నట్టు.

కొండి వైర్లు పట్టుకునుడు

అసలు పని ఇది, మిగతాది చదవకున్నా ఇది చేయండ్రి. ఇంటి బ్యాటరీ ప్లస్ బోల్టు మీద ఎన్ని లగ్గులు, అంటే వైరు చివరల బోల్టుకు బిగించే లోహపు ముక్కలు, ఉన్నయో లెక్కపెట్టుండ్రి. ఒక్కటే మందం వైరు ఉండి అది ఫ్యూజుకు, అక్కడి నుంచి స్విచ్‌కు పోతే మీ బండి మంచోళ్లు కట్టిన్రు. నా దానికి ఐదు ఉన్నయ్. ఒక్కటి స్విచ్‌కు, మిగతా నాలుగు ఇన్వర్టర్‌కు, సోలార్ కంట్రోలర్‌కు (ప్యానెల్ కరెంటును సరిచేసి బ్యాటరీకి ఇచ్చేది), గ్యాస్ లీక్ అలారంకు, వోల్ట్ మీటర్‌కూ యూఎస్‌బీ సాకెట్లకూ కలిపి ఒకటి. ఒక్కో వైరును చేత్తో పట్టుకొని అది పోయే దాకా పోయి, పేపర్ టేపు మీద పేరు రాసి అంటించిన, అర్ధదినం పట్టింది.

ఈ కొండి వైర్లన్నీ తప్పు కాదు, కొన్ని కావాలనే పెడతరు. గ్యాస్ అలారం మీకు తెల్వకుండ ఆఫ్ కావొద్దు, లోపల సిలిండర్ పెట్టుకొని పండుకునే బండి అది. సోలార్ కంట్రోలర్ నేరుగా బ్యాటరీకి ఉంటేనే మంచిది, స్విచ్ ఆఫ్ చేసి ఎండల పెట్టినా చార్జ్ ఎక్కుతనే ఉంటది. కానీ నా లెక్క రేకుల షెడ్ల పెట్టినోనికి సోలార్ ఉన్నా లేకున్నా ఒకటే, అలారం తాగుడే మిగుల్తది. ఇన్వర్టర్‌ను ఎందుకు దాటిస్తరంటే, డోరు కాడి లాచింగ్ రిలే 100 ఆంపియర్ల రకం అయితే 1500 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెట్టినప్పుడు 12 వోల్టుల మీద 140 ఆంపియర్ల పైన గుంజుతది, రిలే తట్టుకోదు. కాబట్టి కట్టినోళ్లది పూర్తి తప్పు అననుగానీ, ఒక్క మాట చెప్పి ఇయ్యాలె గదా.

ఇప్పుడు కొలుసుడు. అన్నీ ఆఫ్ చేయండ్రి, స్విచ్ కూడా ఆఫ్. సోలార్ ప్యానెల్ ఎంసీబీ కూడా దించుండ్రి, లేకుంటే లెక్క తప్పు వస్తది. డీసీ క్లాంప్ మీటర్ ఉంటే బ్యాటరీ మైనస్ వైర్ల మీద ఒక్కోదాని మీద పెట్టి చూడొచ్చు, కానీ మన ఇంటి కరెంటు పని చేసేటోళ్ల దగ్గర ఉండే క్లాంప్‌లు ఎక్కువ ఏసీ మాత్రమే చూపిస్తయ్, డీసీ మీద పెడితే సున్నా అంటయ్, ఏం తాగుతలేదు అని సంబరపడి వస్తరు. డీసీ గుర్తు ఉన్నదే తీసుకోండ్రి, పెట్టే ముందు జీరో బటన్ నొక్కుండ్రి. అది లేకుంటే మామూలు మల్టీమీటర్ సరిపోతది: ఎర్ర పిన్నును 10 ఆంపియర్ల రంధ్రంల పెట్టి, బ్యాటరీ మైనస్ లగ్గులన్నీ ఊడదీసి ఒక్కకాడ కలిపి పట్టుకొని, మైనస్ బోల్టుకూ వాటికీ నడుమ మీటర్‌ను పెట్టాలె. ఆ టైంల ఇన్వర్టర్ గానీ పంపు గానీ ఆన్ చేస్తే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతది, నాది రెండుసార్లు పోయింది.

వచ్చిన అంకెను 24తో గుణిస్తే రోజుకు ఎంత పోతుందో తెలుస్తది. 0.02 అంటే రోజుకు అర ఆంపియర్ అవర్ కూడా కాదు, ఫికర్ లేదు. 0.1 అంటే రోజుకు 2.4, నెలకు 72, అంటే 150 బ్యాటరీల సగం. 0.5 దాటితే ఏదో పెద్దదే కొండి మీద ఉంది, ఒక్కో వైరు ఊడదీసుకుంట పోండ్రి, ఏది తీసినప్పుడు అంకె పడిపోతదో అదే దొంగ. నా బండిల ఇన్వర్టర్ తర్వాత దొరికిన రెండో దొంగ నీలం లైటు వెలిగే యూఎస్‌బీ సాకెట్లు, ఆరు ఉన్నయ్, ఒక్కోటి చిన్నదే గానీ రాత్రింబవళ్లు వెలుగుతుంటయ్. అవి స్విచ్ ఆఫ్ కొడితే ఆగేటట్టు స్విచ్ అవతలి దిక్కుకు మార్పించిన.

కొత్త స్విచ్ పెట్టుడు

ప్లస్‌కా మైనస్‌కా అనే పంచాయితీ ఎప్పుడూ ఉంటది. లారీలోళ్లల్ల మైనస్‌కు పెట్టేటోళ్లు ఉన్నరు, వాళ్ల లాజిక్ కరెక్టే, ఒక్క బ్యాటరీ, ఒక్క ఎర్త్, పానా జారి బాడీకి తాకినా స్పార్క్ రాదు. కానీ మోటర్‌హోముల రెండు బ్యాటరీల మైనస్‌లు బాడీ మీదనే కలుస్తయ్, ఇన్వర్టర్ ఎర్త్, చార్జర్ ఎర్త్, సోలార్ మైనస్ ఎక్కడెక్కడో ఉంటయ్, మైనస్ తెంపినా ఇంకో దారిల కరెంటు తిరిగొస్తది. అందుకే ఇంటి బ్యాటరీకి ప్లస్ మీదనే పెట్టుండ్రి.

వరస ఇట్ల ఉండాలె: బ్యాటరీ ప్లస్, జానెడు దూరంల ఫ్యూజు, దాని తర్వాత స్విచ్, స్విచ్ అవతల అన్ని లోడ్లు కలిసే బస్‌బార్. ఫ్యూజు ముందే ఎందుకంటే స్విచ్ దాకా పోయే వైరు ఎక్కడన్న రాసుకొని బాడీకి తాకితే దాన్ని ఆపేది అదే, స్విచ్ ఆపలేదు. కొండి మీద ఉంచాలనుకున్న సోలార్, అలారం వైర్లకు కూడా ఒక్కోదానికి సొంత ఫ్యూజు ఉండాలె.

రేటింగ్ చూసేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల అంకెను నమ్మొద్దు. కంటిన్యూయస్ (ఆగకుండ నడిచినా తట్టుకునేది) అని ఒకటి, కొద్దిసేపటికి ఒకటి, సెల్ఫ్ కొట్టే క్షణానికి ఒకటి, మూడు అంకెలు ఉంటయ్, పెద్దగ వేసేది ఎప్పుడూ మూడోదే. ఇన్వర్టర్‌ను కూడా స్విచ్ కిందికి తెస్తే 2000 వాట్లకు 200 ఆంపియర్ల దగ్గరికి పోతది కాబట్టి కంటిన్యూయస్ 300 ఉన్నది తీసుకోండ్రి, నేను అదే చేసిన. అగ్గువవి కొనేటప్పుడు జేబుల చిన్న అయస్కాంతం పెట్టుకపోండ్రి, బోల్టులకు అంటుకుంటే పైన రాగి రంగు పూసిన ఇనుము. ఇంటి ఏసీ ఎంసీబీ పెట్టి ఇదే కటాఫ్ అనేటోళ్లు కూడా ఉన్నరు, డీసీ కరెంటును తెంపుడు ఏసీ అంత సులువు కాదు, దానికి తయారైంది కాదు అది, వద్దు.

బిగించే ముందు ఇంటి బ్యాటరీ మైనస్ ముందుగ ఊడదీయాలె, అన్నీ అయినంక చివరికి పెట్టాలె. చేతి ఉంగరం తీసి పక్కన పెట్టుండ్రి, నవ్వులాట కాదు, పానాకూ బాడీకీ నడుమ ఉంగరం పడితే వేలు కాలిపోతది. లగ్గులు సుత్తితో కొట్టొద్దు, హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కించుండ్రి, లారీ ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉన్న మూసిన డబ్బాల స్విచ్ పెట్టొద్దు, చార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ వస్తది, స్విచ్ తిప్పినప్పుడు చిన్న స్పార్క్ వస్తది, రెండూ ఒక్క డబ్బాల ఉండొద్దు.

పెట్టినంక ఒక్క టెస్టు చేయాలె, దీన్ని ఎవ్వరూ చేయరు. ఇన్వర్టర్ మీద 50, 60 ఆంపియర్ల లోడు పెట్టి, మీటర్‌ను మిల్లీవోల్టుల మీద ఉంచి, స్విచ్ రెండు బోల్టుల మీద రెండు పిన్నులు పెట్టుండ్రి. 20, 30 వస్తే మంచిగుంది. 100 దాటితే లోపల కాంటాక్ట్ సరిగ లేదు, అదే లోడు రెండింతలైతే 200 మిల్లీవోల్టులు, 100 ఆంపియర్లు, అంటే 20 వాట్లు, సోల్డరింగ్ ఐరన్ అంత వేడి మీ సీటు కింద ఉన్నట్టు. ఏడాదికొకసారి ఇది చూసుకోవాలె, మన దుమ్ముకు, గతుకులకు నట్లు వదులైతయ్.

ఆఫ్ చేసే వరస

ముందు ఫ్రిజ్, పంపు, లైట్లు. తర్వాత ఇన్వర్టర్‌ను దాని బటన్‌తోనే ఆఫ్ చేయాలె. సోలార్ కంట్రోలర్ మీ స్విచ్ అవతల ఉంటే ముందు ప్యానెల్ ఎంసీబీ దించి తర్వాతనే బ్యాటరీ తెంపాలె, బ్యాటరీ లేకుండ ప్యానెల్ కరెంటు ఒక్కటే కంట్రోలర్‌కు వస్తే వోల్టేజీ ఎగిరి లోపలి సామాన్లు కాలే ప్రమాదం ఉంటది. అప్పుడు ఇంటి స్విచ్.

ఇంజన్ నడుస్తుంటే ఏ బ్యాటరీ స్విచ్ కూడా ముట్టొద్దు. డైనమో పూర్తిగ చార్జ్ చేస్తున్నప్పుడు ఒక్కసారి బ్యాటరీ తెగితే వోల్టేజీ 14 నుంచి ఎక్కడికో ఎగురుతది, డైనమో డయోడ్లు, ఈసీఎం, టీవీ ఏది దొరికితే అది పోతది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకు ఇంకో మాట: యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేసే ద్రవం) పోసే బండి అయితే ఇంజన్ ఆపినంక కూడా ఆ ద్రవాన్ని పైపుల నుంచి వెనక్కి గుంజుకునే పని నడుస్తుంటది, సన్నగ సప్పుడు వినిపిస్తది. అది అయ్యే దాకా, రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడు ఇంజన్ బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేయాలె, లేకుంటే పైపుల్ల ఉప్పు లెక్క గడ్డ కడతది. సెంట్రల్ లాక్ ఉన్న బండి అయితే చెవి జేబుల ఉందో లేదో చూసుకొనే డోరు వేయండ్రి.

ఆన్ చేసేటప్పుడు ఇంటి బ్యాటరీ ముందు, తర్వాత సోలార్, చివరికి ఇన్వర్టర్. పెద్ద ఇన్వర్టర్ అయితే స్విచ్ తిప్పంగనే లోపలి కెపాసిటర్లు (కరెంటును కొద్దిగ దాచుకునే భాగాలు) ఒక్క దెబ్బకు కరెంటు మింగుతయ్, ఇన్వర్టర్ బటన్ ఆఫ్‌ల ఉన్నా సరే టప్ మని స్పార్క్ వస్తది. రోజూ తిప్పేటోళ్లు స్విచ్‌కు పక్కన ఒక చిన్న రెసిస్టర్, పుష్ బటన్ పెట్టించుకుంటే మంచిది, బటన్ రెండు సెకన్లు నొక్కి కెపాసిటర్లు నిండినంక స్విచ్ తిప్పితే స్పార్క్ రాదు.

వింత వింత సమస్యలు

స్విచ్ ఆఫ్ చేసినా పగటి పూట లైట్లు వెలుగుతున్నయ్, రాత్రి పోతున్నయ్ అంటే దయ్యం కాదు, సోలార్ కంట్రోలర్ స్విచ్ అవతలి దిక్కుకు ఉంది. ఫంక్షన్ హాల్ దగ్గర ప్లగ్గు గుంజి బండికి కరెంటు పెట్టినం, లైట్లు ఫ్యాన్లు అన్నీ నడిచినయ్, తెల్లారి ప్లగ్గు తీస్తే బ్యాటరీ ఖాళీ అంటే స్విచ్ ఆఫ్‌ల ఉంది, చార్జర్ కరెంటు లోడ్లకే పోయింది, బ్యాటరీ దాకా రాలేదు. ప్లగ్గు పెట్టినప్పుడు స్విచ్ ఆన్‌ల ఉండాలె.

డోరు బటన్ నొక్కితే టక్ అంటలేదు అంటే ముందు ఇంటి బ్యాటరీ వోల్టేజీ చూడుండ్రి. లెడ్ యాసిడ్ అయితే కొన్ని గంటలు ఊకె ఉన్నంక 12.7 నిండుగ, 12.2 సగం, 11.8 ఖాళీ, లిథియంకు ఈ లెక్క పనికిరాదు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి 9కి మూస్తరు గదా, ఒకసారి మేం లేటయ్యి అక్కడనే బండిల పండుకోవాల్సొచ్చింది, బటన్ నొక్కితే సప్పుడే లేదు, మా ఇంటామె టార్చ్ పట్టుకొని నిలబడ్డది, నేను సీటు కింద దూరిన. చూస్తే బ్యాటరీ మంచిగనే ఉంది, లాచింగ్ రిలే బటన్ వైరుకు ఉండే చిన్న 5 ఆంపియర్ల ఫ్యూజు పోయింది, పెద్ద ఫ్యూజులు అన్నీ చూసి దాన్ని చూడకపోతిమి. కొన్ని రిలేల మీద చేత్తో నొక్కే పిన్ను ఉంటది, మీ దానికి ఉందో లేదో ఇయ్యాల పగటిపూట చూసి పెట్టుకోండ్రి. బ్యాటరీనే దిగి ఉంటే ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి మళ్లా నొక్కండ్రి, మీ డీసీ-డీసీ చార్జర్ నేరుగా బ్యాటరీకి ఉంటే లేస్తది, స్విచ్ అవతల ఉంటే లేవదు, అప్పుడు జంపర్ వైర్లే దిక్కు.